పాఠశాలలో నాదవిద్య

ప్రతి ఉదయం మన దేశంలో కోట్లాది విద్యార్థులు నిటారుగా నిలబడి ఒక గీతాన్ని ఆలపిస్తారు. అది పూర్తికావడానికి పట్టే కాలం 52 సెకన్లు. అది మన జాతీయగీతం. ‘నాకు సంగీతం రాదు’ అని చెప్పే విద్యార్థి సైతం ఆ 52 సెకన్ల కాలం గాయకుడే. ఆ గీతానికి మన తెలుగునేలతో, అందులోనూ ఒక విద్యాలయంతో గాఢమైన అనుబంధం ఉన్నది. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారిగా వినిపించిన ఈ గీతాన్ని రవీంద్రనాథ ఠాగూరు 1919లో మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా విచ్చేసినప్పుడు అక్కడ పాడి వినిపించారు. కళాశాల ప్రధానాచార్యులైన జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ సంగీతశాస్త్రంలో పట్టభద్రురాలు. ఆమె ఆ బాణీని శ్రద్ధగా విని స్వరలిపిలో నిక్షిప్తం చేశారు. పాట కవిది, దానిని పదిమంది నేర్చుకోదగిన విద్యగా నిలిపినది మాత్రం స్వరజ్ఞానం గల ఒక విదుషి.

అదే 1919వ సంవత్సరంలో విజయనగరంలో మరొక శుభారంభం జరిగింది. విజయనగర సంస్థానాధీశులు సంగీతానికే ప్రత్యేకంగా ఒక కళాశాలను నెలకొల్పారు. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. వాయులీన విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు అక్కడ ఆచార్యపదవి నిర్వహించి, 1936లో అధ్యక్షులయ్యారు. ఈ రెండు సంఘటనలూ మనకు ఒకే సత్యాన్ని బోధిస్తున్నాయి. సంగీతం తనంతట తాను నిలిచేది కాదు. దానిని నేర్పే గురువు, నేర్చుకొనే చోటు ఉన్నప్పుడే అది తరం నుండి తరానికి సాగుతుంది. ఆ గురువు స్థానం ఏమిటి? ఆ చోటు మన పాఠశాలలలో ఎందుకు ఉండాలి? అన్న ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

లలితకళలు ఐదు. కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యం. వీటిలో కవిత్వానికీ సంగీతానికీ ఉన్న చుట్టరికం తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ద్విపద, రగడ, సీసం మొదలైనవి కంటితో చదవడానికి మాత్రమే పుట్టిన రచనలు కావు. గొంతెత్తి పాడుకోవడానికి పుట్టినవి. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో నాటి గేయభేదాలను, సంగీత విశేషాలను ప్రస్తావించాడు. యక్షగానం పేరులోనే గానం ఉన్నది. పద్యనాటకం నిన్నమొన్నటి వరకు పల్లెపల్లెనా రాగయుక్తంగా మారుమోగింది. పద్యాన్ని పదచ్ఛేదం తెలిసి, యతిస్థానం ఎరిగి, భావానికి తగిన స్వరంతో చదివినప్పుడు సగం అర్థం చెవికే అందుతుంది. అందువల్ల సంగీతానికి బడిలో చోటు లేకపోతే నష్టపోయేది సంగీతం ఒక్కటే కాదు, సాహిత్యం కూడా.

ఈ సందర్భంలో ఒక స్వానుభవాన్ని చెప్పడం అప్రస్తుతం కాదనుకొంటాను. నేను చదువుకొన్న ఉన్నత పాఠశాలలో ఒక సంగీతం పంతులమ్మగారు ఉండేవారు. ఆమెకు ప్రత్యేకంగా గది లేదు. వరండా చివర ఒక చాప, ఒక హార్మోనియం, అంతే ఆమె తరగతి. వారానికి రెండు పీరియడ్లు మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టి సరళీస్వరాలు పాడించేవారు. తెలుగు పద్యాలు అప్పజెప్పవలసిన రోజున మమ్మల్ని ముందుగా పిలిచి, ఏ పాదంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చూపించేవారు. మాలో ఎవరమూ గాయకులం కాలేదు. కాని ప్రబంధసాహిత్యంలో పరిశోధన చేసిన నేను ఈనాడు తరగతిలో పద్యం చదివి విద్యార్థుల దృష్టిని నిలుపగలుగుతున్నానంటే, దానికి మూలం ఆ వరండాలోని చాపే. ఆమె పదవీవిరమణ చేసిన తరువాత ఆ స్థానంలో మరెవరూ రాలేదు. హార్మోనియం మొదట బీరువా మీదికి, తరువాత పాత సామాన్ల గదిలోకి చేరింది. దానిని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. సంగీతం లేకుండా పోవడం పరీక్షలో మార్కులు తగ్గినట్లుగా కంటికి కనిపించే నష్టం కాదు గదా!

సంగీతవిద్యలో గురువు ఎంత ముఖ్యుడో గ్రహించడానికి మన చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. పదకవితా పితామహుడు తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) రచించిన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. ఇరవయ్యవ శతాబ్దంలో అవి మళ్లీ వెలుగుచూశాయి. వేలకొద్దీ సంకీర్తనల సాహిత్యం చెక్కుచెదరకుండా దొరికింది. ప్రతి సంకీర్తనకు రాగం పేరు కూడా దొరికింది. కాని అన్నమయ్య వాటిని ఏ బాణీలో పాడాడో ఆ బాణీ మాత్రం దొరకలేదు. రాగి నిలిచింది, అక్షరం నిలిచింది, గానం నిలువలేదు. పాడి నేర్పే పరంపర నడుమ తెగిపోవడమే దీనికి కారణం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి విద్వాంసులు ఆ సంకీర్తనలకు తిరిగి స్వరరచన చేయవలసివచ్చింది. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలం తెలుగు బోధించిన శర్మగారు సాహిత్యవేత్త, సంగీతవేత్త కూడా కావడం తెలుగువారి అదృష్టం.

ఇక త్యాగరాజస్వామి (1767–1847) సంగతి చూడండి. ఆయన తన కృతులను రాగిరేకుల మీద చెక్కించలేదు. శిష్యులకు నోటితో నేర్పాడు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు వంటి శిష్యులు వాటిని నేర్చుకొని, వ్రాసుకొని, తమ శిష్యులకు అందించారు. త్యాగరాజ శిష్యులలో మానాంబుచావడి వేంకటసుబ్బయ్య ఒకరు. ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). అంటే మన కాలంలో బాలమురళీకృష్ణగారి కచేరీ విన్న శ్రోతకు, త్యాగరాజస్వామికి నడుమ ఉన్నవి నాలుగు కంఠాలు మాత్రమే. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి మూగబోయినా ఆ ధార మనదాకా ప్రవహించేది కాదు. లోహం కాపాడలేని దానిని గురుపరంపర కాపాడింది. సంగీత గురువును గౌరవించడానికి ఇంతకంటె వేరే హేతువు కావాలా?

స్వరలిపి ఉన్నది గదా, పుస్తకం చూచి నేర్చుకోవచ్చును గదా అని కొందరు అనవచ్చు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుండి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని తెలుగులోనే ప్రకటించారు. అందులో స్వరాలతో పాటు గమకాలకు కూడా గుర్తులు ఏర్పరచారు. అయినా ఆ గ్రంథం గురువుకు తోడే కాని గురువుకు మారు కాదు. స్వరం అంటే ఒకచోట నిలిచిన చుక్క కాదు. అది ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి తిరిగివస్తుంది. ఆ కదలికను కాగితం సూచించగలదు, కంఠం మాత్రమే చూపించగలదు. ఈనాడు చేతిలోని సెల్‌ఫోనులో ఎంతటి విద్వాంసుని పాటనైనా వినవచ్చును. అది గొప్ప సౌకర్యమే. కాని ఫోను పాడుతుందే తప్ప మన పాటను విని, ‘నాయనా, నీ రిషభం శ్రుతి తప్పింది, మళ్లీ పాడు’ అని చెప్పదు. వినడం, దిద్దడం, ఓర్పుతో మళ్లీ పాడించడం అనే మూడు పనులూ గురువువి.

సంగీతాభ్యాసం ఎంత క్రమబద్ధమైనదో తెలుసుకొంటే అది కేవలం వినోదం కాదని స్పష్టమవుతుంది. పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం చెప్పే అభ్యాసక్రమమే నేటికీ కర్ణాటక సంగీతానికి పునాది. మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలు, జంటస్వరాలు, సప్తతాళాల అలంకారాలు, ఆపైన గీతాలు, స్వరజతులు, వర్ణాలు, చివరకు కృతులు. ప్రతి పాఠాన్నీ మూడు కాలాలలో పాడాలి. మొదటి కాలంలో ఒక అక్షరకాలానికి ఒక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు. తాళం వేసే చేయి వేగం మారకూడదు. పాడే గొంతు వేగం మాత్రమే మారాలి. మనస్సును, చేతిని, గొంతును, చెవిని ఒకే సమయంలో ఒక్కతాటి మీద నడిపించే విద్య ఇది. ఏకాగ్రత అలవడాలని ఉపన్యాసాలు చెప్పడం కంటె మూడవ కాలంలో ఒక అలంకారం పాడించడం మేలు.

గణితం చదివే విద్యార్థులకు మరొక విశేషం చెబుతాను. మన సంగీతంలో మేళకర్త రాగాలు 72. ఈ సంఖ్య ఎలా వచ్చిందో చూడండి. షడ్జమం, పంచమం మారని స్వరాలు. రిషభ గాంధారాలు కలిసే తీరులు 6. ధైవత నిషాదాలు కలిసే తీరులు 6. మధ్యమాలు 2. వీటిని గుణిస్తే 6 × 6 × 2 = 72. మీరు ప్రస్తారాలు, సంయోగాలు అనే అధ్యాయంలో నేర్చే లెక్కింపు పద్ధతినే వేంకటమఖి పదిహేడవ శతాబ్దంలో రాగాలకు అన్వయించి ‘చతుర్దండి ప్రకాశిక’లో మేళపద్ధతిని నిరూపించాడు. కటపయాది సూత్రం ప్రకారం రాగనామంలోని మొదటి రెండు అక్షరాలే దాని సంఖ్యను తెలుపుతాయి. ‘మాయామాళవగౌళ’లో ‘మా’ అయిదు, ‘యా’ ఒకటి. తారుమారు చేస్తే పదిహేను. అది పదిహేనవ మేళం. భాష, గణితం, నాదం మూడూ ఒకే పేరులో ఇమిడి ఉన్న ఇటువంటి విద్యను ‘అదనపు విషయం’ అని పక్కన పెట్టడం న్యాయం కాదు.

సంగీతం కొందరికే గాని అందరికీ కాదు అన్న భావన మన సమాజంలో చిరకాలంగా ఉన్నది. శాస్త్రీయ సంగీతం నేర్చుకోవడానికి ఒకప్పుడు పుట్టిన ఇల్లు, కులం, డబ్బు, స్త్రీపురుష భేదం అడ్డుగోడలుగా నిలిచాయి. ఈనాడు కూడా ఇంటికి వచ్చి నేర్పే గురువుకు జీతం ఇవ్వగల తల్లిదండ్రులకే ఆ విద్య సులభం. ఆ గోడలు లేని చోటు ఒక్కటే, ప్రభుత్వ పాఠశాల. అక్కడ కూలివాని బిడ్డ, అధికారి బిడ్డ ఒకే చాప మీద కూర్చుంటారు. తండ్రిని కోల్పోయిన ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతం మీది తపనతో విజయనగరం చేరినప్పుడు ఆయన చేతిలో ధనం లేదు. మధుకరం చేసుకొని, అంటే ఇంటింటా అన్నం యాచించి, చదువుకొన్నారు. ఆయనను చేరదీసి విద్య నేర్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఘంటసాల పేరు తెలియని తెలుగువాడు లేడు. పట్రాయనివారి పేరు తెలిసినవారు కొద్దిమందే. కాని ఆ గురువు లేకుంటే ఆ గంధర్వగానం మనకు దక్కేదా? ప్రజాధనంతోనో, దాతల ధనంతోనో నడిచే విద్యాలయం పేదవిద్యార్థికి ఏమి ఇవ్వగలదో చెప్పడానికి ఇదొక్క ఉదాహరణ చాలు.

సంగీతమంటే శాస్త్రీయ సంగీతం మాత్రమే కాదని కూడా గుర్తించాలి. ఒగ్గుకథ, బుర్రకథ, జముకుల కథ, డప్పు వాద్యం, నాట్లు వేసేటప్పటి పాట, బతుకమ్మ పాట, ఇవన్నీ మన నాదసంపదలే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇటువంటి కళాకారులు బడికి వచ్చి పిల్లల ఎదుట వాయిస్తే, తమ తాతల పాట కూడా పాఠమేనని ఆ పిల్లలు గ్రహిస్తారు. హంగరీ దేశంలో జొల్తాన్ కొదాయ్ అనే స్వరకర్త చేసిన కృషి ఇందుకు మంచి నిదర్శనం. ఆయన తన దేశపు పల్లెపాటలను సేకరించి, వాటినే ఆధారం చేసుకొని పాఠశాల సంగీతవిద్యను తీర్చిదిద్దాడు. వాద్యం కొనలేని బిడ్డకు కూడా కంఠం ఉన్నది గనుక పాటతోనే విద్య ప్రారంభం కావాలన్నది ఆయన పద్ధతి. 1950లో కెచ్కెమెత్ పట్టణంలో ప్రారంభమైన సంగీత ప్రాథమిక పాఠశాల ఆ దేశంలో అటువంటి అనేక పాఠశాలలకు మార్గదర్శకమైంది.

మన దేశంలో కూడా మంచి మాటలకు కొదువ లేదు. పదవ తరగతి వరకు కళావిద్య తప్పనిసరి విషయంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. ఆరు నుండి ఎనిమిది తరగతులలో విద్యార్థులు వందకు మించిన పాఠశాలలకు కళావిద్య బోధించే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో పేర్కొన్నది. కళలకూ శాస్త్రాలకూ నడుమ, పాఠ్యాంశాలకూ పాఠ్యేతర అంశాలకూ నడుమ కఠినమైన గీతలు ఉండరాదని 2020 జాతీయ విద్యావిధానం ప్రకటించింది. కేంద్రీయ విద్యాలయాలలో, నవోదయ విద్యాలయాలలో సంగీత ఉపాధ్యాయ పదవులు ఉన్నాయి. అయితే విధానపత్రంలోని వాక్యం తరగతిగదిలో పాటగా మారడానికి నడుమ ఒక మనిషి కావాలి. ‘కళావిద్య’ అనే ఒక్క మాట కింద చిత్రలేఖనం ఒక్కటే నేర్పి సరిపెట్టినచోట సంగీతానికి చోటు మిగలదు. బోధకుని తాత్కాలికంగా నియమించి, మరుసటి సంవత్సరం ఉంటాడో లేదో తెలియని స్థితిలో నిలిపితే, సంవత్సరాల తరబడి సాగవలసిన అభ్యాసం మధ్యలోనే ఆగిపోతుంది. సరళీస్వరాలు నేర్పిన గురువే వర్ణం నేర్పేదాకా ఉండగలిగే భద్రత ఆయనకు కల్పించాలి.

సంగీతానికి కాలం వెచ్చిస్తే చదువు దెబ్బతింటుందన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఈ వాదనను నేను తేలికగా తీసివేయను. పోటీపరీక్షలలో ర్యాంకు మీద కుటుంబపు ఆశలన్నీ నిలిపిన తల్లిదండ్రుల ఆందోళన నిజమైనది. నేను కూడా ఒకప్పుడు ఆ వాదనకు తలవంచాను. కళాశాల కాలపట్టిక తయారుచేసే బాధ్యత నాకు అప్పగించిన సంవత్సరం, వారానికి ఒక్కటిగా ఉన్న సాంస్కృతిక కార్యక్రమాల పీరియడును తొలగించి పరీక్షల పునశ్చరణకు కేటాయించాను. ఆ ఏడు ఫలితాలేమీ పెరగలేదు. పెరిగినది విద్యార్థుల ముఖాలలోని అలసట మాత్రమే. మరుసటి ఏడు ఆ పీరియడును తిరిగి చేర్చాను. ఒక్క ఏటి అనుభవంతో సిద్ధాంతం చేయడం తగదు గాని, వారంలో నలభై నిమిషాల పాట వల్ల ఏ విద్యార్థి భవిష్యత్తూ చెడదని మాత్రం నిస్సంకోచంగా చెప్పగలను. పైగా బృందగానంలో ఒక విద్యార్థి తన గొంతును పక్కవాని గొంతుతో కలుపుతాడు. తాను గెలవడానికి పక్కవాడు ఓడనవసరం లేని విద్య మన పాఠశాలలలో ఇంకేది ఉన్నది?

మరి మనం చేయదగినది ఏమిటి? మొదటిది, కాలపట్టికలో సంగీతానికి ఉన్న పీరియడును ఇతర విషయాలకు మళ్లించకుండా కాపాడడం. రెండవది, విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడిన పాఠశాల యాజమాన్య కమిటీలలో తల్లిదండ్రులే అధికసంఖ్యాకులు గనుక, సంగీత బోధకుని నియామకాన్ని గురించి అక్కడ ప్రస్తావించి, తీర్మానం చేయించి పై అధికారులకు పంపడం. మూడవది, విజయనగరం, విజయవాడ, హైదరాబాదు, తిరుపతి వంటి నగరాలలోని సంగీత కళాశాలలను సమీప పాఠశాలలతో అనుసంధానించడం. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు పూర్తిచేసినవారికి బడులలో ఉపాధి లభిస్తే రెండు సంస్థలూ బాగుపడతాయి. నాలుగవది, పూర్వవిద్యార్థులు బడికి ఒక శ్రుతిపెట్టెనో, హార్మోనియాన్నో, డప్పునో బహూకరించడం. అయిదవది, వార్షికోత్సవానికి వారం ముందు మాత్రమే సంగీతం మాస్టారును తలచుకొనే అలవాటు మానడం. స్వాగతగీతం పాడించి వేదిక దిగిపోయే వ్యక్తిగా కాక, తక్కిన ఉపాధ్యాయులతో సమానుడైన ఆచార్యుడుగా ఆయనను చూడాలి. జీతం, గది, గౌరవం ఈ మూడింటిలోనూ ఆ సమానత కనిపించాలి.

విద్యార్థులుగా మీ చేతిలో ఉన్నది కూడా తక్కువ కాదు. మీ ఊరి బడిలో సంగీతం నేర్పిన పాతతరం గురువు ఎవరైనా ఉంటే వెళ్లి పలకరించండి. ఆమె పాడిన ప్రార్థనాగీతాన్ని మీ ఫోనులో భద్రపరచండి. అంతటితో ఆగక దానిని నేర్చుకోండి. ఏమంటే భద్రపరచినది పాట కాదు, పాడగలిగినదే పాట. అన్నమయ్య రాగిరేకులు మనకు నేర్పిన పాఠం ఇదే.

రేపు ఉదయం ప్రార్థనా సమావేశంలో జాతీయగీతం పాడేటప్పుడు ఒక్కసారి మీ పక్కవారి గొంతు వినండి. శ్రుతి కలిసిందా, తాళం కుదిరిందా గమనించండి. కలవకపోతే ఆ తప్పు మీది కాదు. ఆ చిన్న విషయాన్ని మీకు నేర్పవలసిన గురువు ఒకరు మీ బడిలో లేకపోవడమే కారణం కావచ్చు. ఆ ఖాళీ స్థానాన్ని గుర్తించడం, దానిని నింపమని వినయంతో, పట్టుదలతో అడగడం విద్యావంతుల కర్తవ్యం. మదనపల్లెలో ఒక విదుషి, విజయనగరంలో కొందరు ఆచార్యులు మనకు అందించినదానిని మన తరువాతి వారికి అందించడానికి ఎక్కువేమీ అక్కరలేదు. వరండా చివర ఒక చాప, దాని మీద ఒక గురువు, ఆయన ఎదుట కొందరు పిల్లలు. నాదవిద్య అక్కడినుండే మొదలవుతుంది.